కోరా బట్ట మీద నీలం మరకలు

రసాయన శాస్త్రం నేర్పేవాళ్లు మొదటి రోజే ఒక మాట చెబుతారు. పరీక్షనాళికలో ఏది కనిపిస్తే అదే రాయండి, మీరు అనుకున్నది రాయకండి అని. ఎంత చక్కటి మాట. నేను నమ్మాను. పదో తరగతి ప్రాక్టికల్ పరీక్షలో కనిపించినదే రాశాను. ఆ మాట చెప్పినవాళ్లే నన్ను అబద్ధాలకోరని తేల్చారు. ఇన్నేళ్లయినా, ఏ పిల్లల పుస్తకంలో ఆ వాక్యం కనిపించినా నాకు ఒళ్లు మండుతుంది.

అప్పుడు మేము తెలంగాణ నుంచి వలస వెళ్లి, మరాఠీవాళ్ల ఊరు భివండిలో, పద్మనగర్‌లో ఉండేవాళ్లం. కరెంటుతో నడిచే మగ్గాలను మావాళ్లు సాంచెలంటారు. మా బాపు ఒక సేటు షెడ్డులో సాంచెలు నడిపేవాడు. షెడ్డు వెనక గోడకు ఆనించి కట్టిన గదుల్లో ఒకటి మాది. ఆ చప్పుడులోనే నిద్రపోయేవాళ్లం, చప్పుడు ఆగితే కరెంటు పోయిందని మెలకువ వచ్చేది. అమ్మ అతుకులు వేసేది. సాంచె మీద ఒక బీముకు, అంటే దూలానికి, చుట్టిన నూలు అయిపోగానే, కొత్త బీము పోగుల కొసలను పాత పోగుల కొసలతో ఒక్కొక్కటిగా కలిపి మెలిపెట్టాలి. వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటూ, మెడ వంచుకుని పూటంతా కూర్చోవాలి. మా గల్లీలో ఆడపిల్లలు ఏడో తరగతి కాగానే ఆ పనికి కూర్చునేవారు. నా ఈడువాళ్లు అందరూ కూర్చున్నారు.

నేను కూర్చోకపోవడానికి కారణం అమ్మ. ఆమెకు అక్షరం ముక్క రాదు. అయినా నాకు చదువు అబ్బిందని ఎలాగో కనిపెట్టింది. నన్ను పనికి పెట్టమని బాపు అన్నప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి దాటవేసింది. చివరికి నేను పదిలోకి వచ్చిన ఏడు బాపు ఖండితంగా చెప్పేశాడు.

"పది అయినంక సైన్సు దొరికితే చదువు. దొరకకుంటే మీ అమ్మ పక్కన కూసో. ఉత్త చదువుకు నేను పంప."

"దొరుకుతది. నా బిడ్డకు దొరక్కుంటే ఇంకెవలకు దొరుకుతది?" అంది అమ్మ.

సైన్సే ఎందుకంటే, నాకు పట్టిన పిచ్చి బాపుకు తెలుసు. ఒకసారి నార్పోలిలో ఉన్న ఒక రంగుల కార్ఖానాకు పని మీద వెళ్తూ నన్నూ తీసుకెళ్లాడు. అక్కడ అద్దాల గదిలో తెల్లకోటు వేసుకున్న ఒకావిడ గాజుగొట్టంలో రంగునీళ్లు పోసి వెలుతురుకు పట్టి చూస్తోంది. బయట తొట్టి దగ్గర నలుగురైదుగురు మగవాళ్లు బట్ట తాన్లు పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ తల ఊపేదాకా ఒక్కడూ బట్ట ముంచలేదు. ఒక ఆడమనిషి మాట కోసం మగవాళ్లు పని ఆపి ఎదురుచూడటం నేను చూడటం అదే మొదటిసారి. ఇంటికి వచ్చేదాకా బాపును ఆమె ఏం చదివిందని అడుగుతూనే ఉన్నాను. కెమిస్ట్రీ అట, అన్నాడు బాపు.

నేను నాలుగో తరగతి దాకా తెలుగు బడిలో, ఆ తర్వాత మరాఠీ బడిలో చదివాను. అందుకే మూలకం నాకు మొదట మూలద్రవ్యంగా, సమ్మేళనం సంయుగంగా పరిచయమయ్యాయి. పేరు ఏదైతేనేం, నాకు అవి మా ఇంట్లో మనుషులకంటే బాగా అర్థమయ్యాయి. ఇనుప రజను, గంధకం పొడి కలిపి కాగితం మీద పోస్తే అది మిశ్రమం. అయస్కాంతం తిప్పితే ఇనుము లేచి వచ్చేస్తుంది, గంధకం పచ్చగా అక్కడే మిగులుతుంది. అదే రెంటినీ ఎర్రగా కాలిస్తే నల్లటి ముద్ద అవుతుంది. ఇక అయస్కాంతం దాని మీద ఎంత తిప్పినా లాభం లేదు. మైలుతుత్తం కాలిస్తే నీలం పోయి తెల్లబడుతుంది, నీటిచుక్క పడగానే మళ్లీ నీలమవుతుంది. ఇవన్నీ చూసిన రోజు నాకు అన్నం సయించలేదు, సంతోషంతో.

తర్వాత్తర్వాత భివండి ఒక గొప్ప మిశ్రమమని, తెలంగాణవాళ్లు, ఉత్తరాదివాళ్లు, మరాఠీలు చక్కగా కలిసిపోయారని వేదికలెక్కి చెప్పేవాళ్లను చాలామందిని విన్నాను. వాళ్లు ఎనిమిదో తరగతి పుస్తకం సరిగ్గా చదివి ఉండరు. మిశ్రమంలో ఏదీ కలిసిపోదు. ఏ ముక్క ఎవరిదో అయస్కాంతానికి ఎప్పుడూ తెలుసు.

మాకు సైన్సు చెప్పింది ఒక మరాఠీ టీచరు. అక్కడ ఆడ టీచర్లను బాయి అంటారు. చెప్పడంలో మంచి మనిషే, ఆ మాట కాదనను. ల్యాబు పేరుతో ఉన్న గదిలో ఒక బల్ల, రెండు అల్మారాలు, పగిలినవి పోగా మిగిలిన గొట్టాలు ఉండేవి. వాటితోనే ఆమె నెట్టుకొచ్చింది. ప్రశ్న అడిగితే చెయ్యెత్తేది ఎప్పుడూ నేనే కాబట్టి, తరగతికి మిగతా పిల్లలు కూడా ఉన్నారని నాకు గుర్తుచేస్తుండేది. "నువ్వు సైన్సులోకి వెళ్లకపోతే ఇంకెవరు వెళ్తారు?" అని ఒకసారి అంది. ఇంట్లో అమ్మ అన్న మాటనే బడిలో బాయి అనడంతో నాకు ఇక ఢోకా లేదనుకున్నాను.

ప్రాక్టికల్ పరీక్షకు ముందురోజు బాయి చెప్పింది, "గొట్టాలు తక్కువ. ఒకే గొట్టాన్ని కడిగి, తుడిచి మళ్లీ వాడుకోవాలి. యేతానా ఏక్ స్వచ్ఛ్ ఫడ్కం ఆణా." వచ్చేటప్పుడు ఒక శుభ్రమైన గుడ్డ తెచ్చుకోండని.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. పాత చీర పేలిక ఒకటి తీసుకుంటానంటే అమ్మ కసిరింది.

"పేలికలు పట్టుకపోతవా పరీచ్చకు? మనమేమన్న దిక్కులేనోళ్లమా? మన చేతుల మీద ఊరంతటికి బట్ట పోతున్నది. ఆగు, నేను తెస్త."

షెడ్డులోకి వెళ్లి సేటుకు ఒక మాట చెప్పి, అప్పుడే సాంచె మీద నుంచి దిగిన బట్ట తాను కొసన మూరెడు ముక్క కోయించి తెచ్చింది. ఇంకా నీళ్లు తగలని కోరా బట్ట. దాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టింది.

మా ఇళ్లలో శుభ్రమంటే కోరానే. పురిటి బిడ్డ కింద పరిచేది కోరా. దేవుడి పటాలు తుడిచేది కోరా. కన్నుమూసినవాళ్ల మీద కప్పేదీ కోరానే. ఒకసారి నీళ్లలో తడిసిందంటే అది వాడిన గుడ్డ, ఎంత ఉతికినా దాని శుభ్రం రెండో రకమే. నేతపని చేసేవాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. వేరే ఇళ్ల పిల్లలు ఉతికిన చేతిరుమాళ్లు, పాత బనీను ముక్కలు తెచ్చుకున్నారు. నా గుడ్డ వాళ్లందరి గుడ్డలకంటే మేలైనదని నాకు లోలోపల గర్వంగా కూడా అనిపించింది.

పరీక్ష చేయించడానికి వేరే బడి నుంచి ఒక సార్ వచ్చాడు. నా ముందు కొన్ని తెల్లపొడులు పెట్టాడు. ఉప్పు, చక్కెర, తినే సోడా, పిండి, ఏది ఏదో కనిపెట్టాలి. ఆమ్లం పోస్తే పొంగేది సోడా. అయోడిన్ చుక్క వేస్తే నీలమయ్యేది పిండి పదార్థం. కాలిస్తే నల్లబడేది చక్కెర. ఏమీ కానిది ఉప్పు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

మొదటి పొడి పొంగింది. సోడా అని రాశాను. గొట్టాన్ని కడిగి, గుడ్డను వత్తిలా మెలిపెట్టి లోపలికి దూర్చి, అడుగుదాకా తిప్పి తిప్పి తుడిచాను. పక్కన ఉన్న పిల్ల గొట్టాన్ని రెండుసార్లు విదిలించి తడితడిగానే తర్వాతి పొడి పోసేసింది. ఎంత నిర్లక్ష్యమో అనుకున్నాను. రెండో పొడి పోసి, నీళ్లు కలిపి అయోడిన్ చుక్క వేశాను. నీలం వచ్చింది. మళ్లీ కడిగాను, మళ్లీ తుడిచాను. మూడోదీ నీలమే. నాలుగోదీ నీలమే.

నాలుగో దాని పలుకులు చూస్తే ఉప్పని కళ్లకే తెలుస్తోంది. ఉప్పని రాసేస్తే పోయేది. కానీ రెండేళ్లుగా చెవిలో పోరిన మాట ఉందికదా, కనిపించిందే రాయండి, అనుకున్నది రాయకండి అని. అందుకే గొట్టాన్ని మరోసారి కడిగి, మరింత శ్రద్ధగా తుడిచి, మళ్లీ చేశాను. నీలం ఇంకాస్త ముదిరింది. పిండి పదార్థం ఉంది అని రాశాను.

సార్ నా కాగితం చూసి నవ్వాడు. "మూడూ పిండేనా? పరీక్షకు వచ్చావా, రొట్టెలు చేయడానికి వచ్చావా?"

"నీలం వచ్చింది సర్," అన్నాను.

"ఉప్పులో నీలం ఎలా వస్తుంది?"

"తెలియదు సర్. వచ్చింది."

ఆయన తన పెట్టెలోంచి కొత్త గొట్టం తీశాడు. అదే ఉప్పు, అదే నీళ్లు, అదే అయోడిన్. పసుపుపచ్చగా ఉండిపోయింది. దాన్ని నా ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"నా గొట్టంలో చేసి చూడండి సర్," అన్నాను.

"ఖోటం," అన్నాడాయన. మరాఠీలో అబద్ధం అని. పరీక్ష చేయకుండానే నోటికి వచ్చింది రాశావు, పైగా వాదిస్తున్నావు అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాక ఇక నాలుగో కాలు చూపించినా చూడడు. బాయి పక్కనే నిలబడి ఉంది. రెండేళ్లు నన్ను చూసిన మనిషి. ఆ గొట్టం ఒకసారి చూడండి అని ఆమె ఒక్క మాట అంటే సరిపోయేది. కిటికీ రెక్క సరిచేయడానికి వెళ్లింది.

ఇంటికొచ్చి సంచి విప్పితే గుడ్డ నిండా మరకలు. నల్లగా, నీలంగా, తుడిచిన చోటల్లా. "ఇంకు ఒలికిందా?" అంది అమ్మ. అవునన్నాను. ఉతుకుదామని నల్లా దగ్గరికి తీసుకెళ్లి తడిపితే వేళ్లకు జిగురు తగిలింది. అది గంజి.

పోగు తెగకుండా ఉండాలని బీముకు చుట్టేటప్పుడే దానికి గంజి పట్టిస్తారు. అది నాకు తెలియక కాదు. ఆ గంజి ఉడికే వాసన గల్లీలు దాటుకుంటూ బడికి వెళ్లిన దాన్ని. షెడ్డులో సాంచెల కింద తెల్లగా రాలేది ఆ గంజి పొడే. కోరా బట్ట అంటేనే ఇంకా గంజి వదలని బట్ట. కానీ పుస్తకంలో పిండి పదార్థమంటే బంగాళదుంప బొమ్మ ఉంటుంది, అన్నం బొమ్మ ఉంటుంది. బట్ట బొమ్మ ఉండదు. నేను తుడిచిన ప్రతిసారీ గొట్టంలో గంజి పూశాను. ఎంత శ్రద్ధగా తుడిస్తే అంత ఎక్కువగా పూశాను. తడి గొట్టంతో సరిపెట్టిన ఆ పక్కపిల్లకు అన్నీ సరిగ్గా వచ్చాయి.

మర్నాడు ఆ గుడ్డతో బాయి దగ్గరికి పరుగెత్తాను. మాటలు తడబడుతున్నా అంతా చెప్పాను. ఆమె అల్మారా తెరిచి, అయోడిన్ సీసా తీసి, మరక లేని మూల మీద ఒక చుక్క వేసింది. చుక్క పడ్డ చోటు చూస్తుండగానే నల్లనీలమైంది. బాయి ముఖం వెలిగింది. "అరే," అంది. ఆ క్షణాన ఆమె నాకంటే చిన్నపిల్లలా ఉంది. నా బతుకు గాడిన పడిందనే అనుకున్నాను.

ఆమె సీసాకు మూత పెట్టింది. "మార్కుల మీద సంతకాలు అయిపోయాయి," అంది. ఆపైన కారణాలూ తనే చెప్పింది. ఇప్పుడు తిరిగి అడిగితే ఆ సార్‌కు కోపం వస్తుంది, వచ్చే ఏడు మన బడి పిల్లల మీద చూపిస్తాడు. పిల్లలతో ఇంటి గుడ్డలు ఎందుకు తెప్పించారని పైవాళ్లు తననే అడుగుతారు. హెడ్మాస్టర్ అసలే మంచివాడు కాదు.

"నేను అబద్ధం రాయలేదని మీకు తెలుసుకదా బాయి?"

"తెలుసు," అంది. "ఈ గుడ్డ నా దగ్గర ఉండనీ."

ఉండనిచ్చాను. సాక్ష్యం చేతిలో ఉంటే ఎప్పటికైనా నోరు విప్పుతుందనుకున్నాను. పదహారేళ్ల పిచ్చి.

అమ్మకు ఏం చెప్పను? ఎంత మురిసిపోతూ ఆ బట్ట కోయించి తెచ్చిందో కళ్లారా చూశాను. నువ్వు ఇచ్చిన బట్టే నా నోట్లో మన్ను కొట్టిందని చెబితే ఆమె బతికినన్నాళ్లు కుమిలిపోతుంది. ప్రాక్టికల్ బాగా కాలేదని మాత్రం అన్నాను. ఎందుకు కాలేదని అమ్మ అడిగింది. ఆ సార్ మంచోడు కాదన్నాను. అమ్మ ఆ మాట నమ్మింది, అది నిజమే కాబట్టి.

రాత పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. ప్రాక్టికల్‌లో పోయినవి వాటిని కిందికి లాగేశాయి. కాలేజీలో సైన్సు జాబితా గోడకు అంటించిన రోజు బాపు కూడా వచ్చాడు. నాకంటే తక్కువ చదివిన వాళ్ల పేర్లున్నాయి. నా పేరు లేదు. రెండో జాబితాలోనూ లేదు. బాపు తిట్టలేదు, మాట తప్పనూ లేదు. బీము ముందు అమ్మ పక్కన నాకు చోటు చూపించాడు. నన్ను చూసి ఇరుగుపొరుగు ఆడవాళ్లు నవ్వారు, పదిదాకా చదివి వచ్చినా వేళ్లకు అద్దేది ఇదే బూడిద కదా అని. వాళ్ల మీద నాకు కోపం లేదు. పుండు మీద కారం చల్లడం కూడా ఒక కాలక్షేపమే.

నాకు ఒక చెల్లె ఉంది. మరుసటి ఏడు అదే బడిలో, అదే బాయి తరగతిలో కూర్చుంది. ఒక సాయంత్రం అమ్మా నేనూ బీము ముందు కూర్చుని అతుకులు వేస్తుంటే ఎగురుకుంటూ వచ్చింది. చేతిలో కోరా బట్ట ముక్క, దాని మీద నీలం చుక్కలు.

"అమ్మా, చూడు మ్యాజిక్. బాయి చేసింది. కోరా బట్ట మీద అయోడిన్ వేస్తే నీలమైతది. అందరు చప్పట్లు కొట్టిన్రు తెల్సా? పుస్తకంల లేదట, బాయియే కనిపెట్టిందట. అందుకనే ప్రాక్టికల్‌కు కోరా బట్ట తేవద్దని చెప్పింది. తెస్తే అన్ని గొట్టాలు నీలమైతయట."

సొమ్మొకడిది, సోకొకడిది. నా గుడ్డ ఆమె దగ్గర ఏం చేస్తోందో నాకు అప్పుడు తెలిసింది. చెల్లె బట్టను పక్కింటివాళ్లకు చూపించడానికి వెళ్లిపోయింది. నా వేళ్లు ఆగిపోయాయి. అమ్మ వేళ్లూ ఆగిపోయి ఉన్నాయి.

"ఆ పొద్దు నీ గుడ్డకైనయి గూడ ఇవే మరకలా?" అంది అమ్మ.

"అవ్."

"ఇంకు కాదా?"

"కాదు."

ఏడుస్తుందనుకున్నాను. తను తెచ్చిన బట్ట గురించి అంటుందనుకున్నాను. ఆ మాట ఎలా తిప్పికొట్టాలో ఏడాదిగా సిద్ధం చేసుకుని ఉన్నాను.

"ఆ బాయికి ఇది ఎప్పటిసంది తెలుసు?" అంది.

"తెల్లారే తెలుసు. నేనే పోయి చూపెట్టిన. మార్కులు మార్చరాదన్నది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"బట్ట నువ్వే తెచ్చినవ్ గద. నీ మనసు కష్టపడుతదని."

అమ్మ నా వైపు తిరిగింది. ఆమె కళ్లలో నేను భయపడిన బాధ ఎక్కడా లేదు, ఉన్నదంతా కోపమే.

"నా మనసుకేమైతది బిడ్డా? బట్టకు గంజి ఉంటది, అండ్ల నా తప్పేముంది, నీ తప్పేముంది? ఆ పొద్దే చెప్తే నేను పోయి ఆ బడి ముంగట కూసుందును. సార్ వచ్చి ఆ గొట్టం చూసేదాంక లేద్దునా?"

లేచేది కాదు. మా గది పైరేకులు మార్చమని సేటు ఇంటి మెట్ల మీద వానలో పొద్దంతా కూర్చుని, మార్పించుకునే లేచిన మనిషి ఆమె. నా కోసం అలా కూర్చోగలిగింది లోకంలో ఆమె ఒక్కతే. ఆమె మనసు నొచ్చుకోకూడదని ఆమెకొక్కదానికే చెప్పకుండా దాచాను.

"ఇప్పుడు పోదామా?" అంది అమ్మ.

ఇప్పుడు ఎవరూ వినరని, గడువు దాటి ఏడాదైందని చెప్పాను. అమ్మ బూడిద గిన్నె నా వైపు జరిపింది. ఇద్దరం మళ్లీ పోగులు అందుకున్నాం.